గడుల్లో నడిచిన మనిషి

ఉద్యోగం వచ్చిందని చెప్పగానే మా నాన్న అడిగిన మొదటి మాట, "బొమ్మలకి కూడా జీతం ఇత్తారేటే?" అని. ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. భవానీపూర్‌లో ఒక మిఠాయి దుకాణం మీద రెండు గదుల ఆఫీసు మాది. మెట్లెక్కుతుంటే కాగుతున్న పాల వాసన, లోపలికి వెళ్తే వేడెక్కిన కంప్యూటర్ల వాసన. చేతిఫోన్లు అప్పుడప్పుడే అందరి జేబుల్లోకి వస్తున్న రోజులవి. ఆ ఫోన్లలో ఆడుకునే చిన్న చిన్న ఆటలు మేము తయారుచేసేవాళ్ళం. ఆటలో పరుగెత్తే మనిషైనా, గెంతే కోతైనా, దొర్లే పీపా అయినా గడి గడికీ రంగు నింపి వేయాల్సిందే. ఆ గడినే పిక్సెల్ అంటారు. అమ్మ మ్యాటీ గుడ్డ మీద దారాలు లెక్కపెట్టి క్రాస్ స్టిచ్ కుడుతుంటే చూస్తూ పెరిగినదాన్ని కాబట్టి ఈ పని నాకు కొట్టిన పిండే అనుకున్నాను.

బొమ్మల పనికి పెద్ద ఒక బెంగాలీ ఆయన. అందరం దాదా అనే పిలిచేవాళ్ళం. మనిషి మంచివాడే, నోరే మంచిది కాదు. నేను వేసిన మొదటి మనిషిని చూసి, "మనిషిని వేయమంటే బాలిశ్ వేశావేమిటి?" అన్నాడు. బాలిశ్ అంటే దిండు. ఒంటి అంచుల చుట్టూ ముదురు రంగు, మధ్యలో లేత రంగు పెడితే మనిషి గుండ్రంగా, నిండుగా కనిపిస్తాడని నా ఊహ. కొత్తవాళ్ళందరూ చేసే తప్పు అదేనట. "ఆలో కొథాయ్? వెలుగు ఎక్కడ? ఎటునుంచి పడుతోంది? ముందు అది తేల్చుకో, తర్వాత నీడ" అన్నాడు. వెలుగు పై నుంచి, ముఖం వైపు నుంచి పడుతోందని తేల్చుకున్నాక గడ్డం కింద, చంక కింద, మోకాలి వెనక నీడ దానంతట అదే వచ్చి కూర్చుంది. నీడ అంటే నలుపు కలపడం కాదని, చర్మం రంగు నీడలోకి వెళ్తే కాస్త ఊదా వైపు జరుగుతుందని కూడా ఆయనే చెప్పాడు. చెప్పినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. చెప్పింది నిజమయ్యేసరికి ఇంకా మండేది.

రెండో దెబ్బ నిలబడటం దగ్గర తగిలింది. నా బొమ్మలో మనిషి ఒంటికాలి మీద నిలబడి మూట ఎత్తుతున్నాడు. దాదా ఒక్క చూపు చూసి "పొడే జాబే" అన్నాడు, పడిపోతాడు అని. ఎందుకు పడిపోతాడని నేను వాదనకు దిగాను. ఆయన నన్ను గోడ దగ్గరకు తీసుకెళ్ళి, కుడి భుజం, కుడి పాదం గోడకు ఆనించి నిలబడమన్నాడు. "ఇప్పుడు ఎడమకాలు ఎత్తు." ఎత్తబోయాను. లేస్తే కదా! ఒంటికాలి మీద నిలవాలంటే ఒళ్ళంతా ఆ కాలి వైపుకు జరగాలి, గోడ జరగనివ్వదు. కొత్తగా చేరిన ప్రతివాళ్ళతోనూ ఆయన ఈ పని చేయిస్తాడట. మిగతావాళ్ళు కుర్చీలు వెనక్కి తిప్పుకుని మరీ నవ్వారు. "బరువు ఏ కాలి మీద ఉందో తెలియకుండా మనిషిని వేయకు. వీధిలో చూడు, రైల్లో చూడు, ఇంట్లో చూడు" అన్నాడు దాదా.

ఆ రోజునుంచి నా కళ్ళకు జబ్బు పట్టుకుంది. లోకల్ రైల్లో జనం ముఖాలు కాకుండా కాళ్ళు చూసేదాన్ని. గుమ్మం దగ్గర వేలాడేవాడి బరువంతా చేతిలో ఉంది. బిడ్డను చంకనెత్తుకున్నామె నడుము బిడ్డకు ఎదురువైపు వంగింది. చేపల బుట్టతో దిగేవాడు ముందు తల నిలబెట్టి ఆ తర్వాతే కాలు కదుపుతున్నాడు. చూడటం నేర్చుకుంటే ఇంత సరదాగా ఉంటుందా అనుకున్నాను. ఆ సరదా మూణ్ణాళ్ళ ముచ్చటే అయింది.

మా ఇంట్లో భయం కొత్తది కాదు. మేము సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. నాన్న యార్డులో పాయింట్స్‌మన్. రెండు వ్యాగన్ల మధ్యకు వంగి దూరి, బరువైన ఇనప కొక్కేన్ని ఎత్తి ఒకదానికొకటి తగిలించడం, విప్పడం ఆయన పని. కాళ్ళ కింద కంకర. నెత్తిమీద, పక్కన, వెనక ఇనుము. వేళకాని వేళ సైరన్ మోగితే క్వార్టర్స్‌లో ఆడవాళ్ళందరూ వరండాల్లోకి వచ్చేసేవాళ్ళు. ఎవరూ ఎవరినీ ఏమీ అడిగేవాళ్ళు కాదు. ఎవరింటాయన డ్యూటీలో ఉన్నాడో అందరికీ తెలుసు. ఆ కాసేపూ అమ్మ నా మణికట్టు పట్టుకుని నిలబడేది, నొప్పి పుట్టేంత గట్టిగా. ఎవరో ఒకరు సైకిల్ మీద వచ్చి కబురు చెప్పేదాకా వదిలేది కాదు. ఒకసారి వచ్చిన కబురు, పక్క బ్లాకు ఆయన కాలు పోయిందని. ఇంకోసారి ఇంకో ఇంటాయన ఇంటికే రాలేదు.

ఇంత ప్రమాదం చుట్టూ పెట్టుకుని కూడా యార్డులో వాళ్ళందరికీ బళ్ళకంటే మెడికల్ అంటేనే ఎక్కువ హడలు. డాక్టరు అన్‌ఫిట్ అని రాస్తే యార్డులోంచి తీసేసి ఏ ఆఫీసు గుమ్మం దగ్గరో స్టూలు మీద కూర్చోబెడతారు. నాన్న దృష్టిలో అది చావుతో సమానం. అంతకు కొన్నేళ్ళ కిందట ఆయనకు షుగర్ ఉందని తేలింది. షుగర్ అంటే మా ఇంట్లో టీలో చక్కెర మానేయడం, పొద్దున్నే కాకరకాయ రసం తాగడం, అంతే. అది కాళ్ళకు కూడా వస్తుందని మాలో ఎవరికీ తెలియదు.

ఆఫీసులో నాకు నడిచే మనిషిని అప్పగించారు. పెట్టె పట్టుకుని ప్లాట్‌ఫారం మీద ఎడమనుంచి కుడికి నడిచిపోయే కూలీ. దాదా ఎలాగూ ఇంట్లో చూడమన్నాడు కదా అని నేను మా వంటింటి కిటికీ దగ్గర కూర్చున్నాను. ఎదురుగా యార్డు గోడ, గోడ వెంట కాలిబాట. సాయంకాలం డ్యూటీ దిగి నాన్న ఆ బాటలోనే వచ్చేవాడు, కుడినుంచి ఎడమకు. అచ్చం ఆటలో మనుషుల్లాగే పక్కనుంచి కనిపించేవాడు. నేను గళ్ళ కాగితం మీద తల ఎక్కడ, నడుము ఎక్కడ, మోకాలు ఎక్కడ అని గుర్తులు పెట్టుకునేదాన్ని. నాలుగైదు సాయంకాలాలు అలా చూసి ఆయన నడకనంతా బొమ్మలుగా విడదీశాను. ఆఫీసులో కంప్యూటర్లోకి ఎక్కించాను. ఆటలో కూలీ కుడివైపుకు నడవాలి కాబట్టి బొమ్మల్ని అద్దంలోలాగా తిప్పేశాను. దానికి ఒక మీట నొక్కితే చాలు.

దాదా చూసి ముందు మెచ్చుకున్నాడు. భుజాలు బాగా వచ్చాయన్నాడు. పెట్టె బరువు కనిపిస్తోందన్నాడు. దూరపు కాలికి ముదురు రంగు వేసి దగ్గరి కాలిని విడదీయడం నేర్చుకున్నానన్నాడు. నేను గాల్లో తేలుతుంటే, "కానీ ఇన్ని బొమ్మలు ఎందుకు వేశావు?" అని అడిగాడు.

ఆ ఫోన్లలో చోటు చాలా తక్కువ. అందుకని నడకకు సగం బొమ్మలే వేస్తారు. కుడికాలు ముందుకు వేసే అడుగు పూర్తయ్యాక అవే బొమ్మల్లో కాళ్ళ రంగులు అటుదిటూ ఇటుదటూ మారిస్తే ఎడమకాలి అడుగు అయిపోతుంది. రెండు కాళ్ళూ చేసేది ఒకటే పని కాబట్టి ఎవరికీ తేడా తెలియదు. ఆ సంగతి నాకూ తెలుసు.

"సగం సరిపోలేదు దాదా. రెండో కాలు అదే పని చేయడం లేదు" అన్నాను.

ఆయన నా వైపు ఒకసారి చూసి బొమ్మను నెమ్మదిగా నడిపించాడు. ఒక్కొక్క బొమ్మ దగ్గరా ఆపాడు. "ఈ కాలు చూడు. మడమ ముందు ఆనడం లేదు. పాదం మొత్తం చప్పున పడుతోంది. లేచేటప్పుడు వేళ్ళు నేలను రాసుకుంటున్నాయి. అందుకే మోకాలు ఎక్కువ ఎత్తుతున్నాడు. తల కూడా అటు వంగుతోంది." తర్వాత మామూలు గొంతుతో, "కుంటివాడిని వేశావు. కుడికాలు పోయింది వీడికి. ఎవరిని చూసి వేశావు?" అన్నాడు.

 ఎవరినో దారిన పోయేవాడిని అని అబద్ధం చెప్పాను. మగవాళ్ళు అలాగే నడుస్తారనుకున్నాను నేను. పుట్టినప్పటినుంచీ చూసిన నడక అది. అది ఎప్పుడు మారిందో ఇంట్లో ఎవరమూ చూడలేదు. ఇంటికి వెళ్ళే రైల్లో నిలబడి, లేదులే, నా చెయ్యి తిరగక అలా వచ్చి ఉంటుంది అని దారి పొడుగునా సర్దిచెప్పుకున్నాను.

మర్నాడు బంద్. ఎవరు పిలిచారో, దేనికి పిలిచారో గుర్తులేదు. ఆ రోజుల్లో మేము బంద్‌కు కారణం అడిగేవాళ్ళం కాదు, పాలు దొరుకుతాయా అని మాత్రం అడిగేవాళ్ళం. నాన్నకు ఆ రోజు రెస్టు. పొద్దున్నే పాల కోసం బయల్దేరాడు. నేను కిటికీకి అతుక్కుపోయాను. గోడ వెంట ఎడమనుంచి కుడికి వెళ్తున్నాడు. నా వైపు ఉన్నది కుడికాలు. ఆ ఒక్క కాలినే చూశాను. మడమ ఆనింది. పాదం మెత్తగా ఒరిగింది. వేళ్ళతో నేలను నెట్టి లేచింది. అంత చక్కని అడుగు దాదా కూడా వేయలేడు. నాకు నవ్వాగలేదు. అమ్మయ్య, నాకే పని రాదు, మా నాన్నకేం, నిక్షేపంలా ఉన్నాడు అనుకుని టీకి నీళ్ళు పెట్టాను.

నీళ్ళు మరుగుతుండగా గుర్తొచ్చింది. ఆ బొమ్మల్ని నేను తిప్పాను కదా. ఆఫీసులో కుడికాలు అంటే మా ఇంట్లో ఎడమకాలు.

 పొయ్యి ఆర్పకుండానే కిటికీ దగ్గరకు పరుగెత్తాను. నాన్న తిరిగి వస్తున్నాడు, చేతిలో పాల ప్యాకెట్టుతో. ఇప్పుడు నా వైపు ఉన్నది ఎడమకాలు. దాదా చెప్పిందంతా ఒక్కొక్కటే నా కళ్ళముందు జరిగింది. పాదం చప్పున పడింది. వేళ్ళు కంకరలో ఈడ్చుకున్నాయి. మోకాలు అక్కర్లేనంత పైకి లేచింది. ఆ లేవడంలో హవాయి చెప్పు ఊడి వెనకే ఉండిపోయింది. ఆయన ఆగలేదు. ఒంటి చెప్పుతో, గాజుపెంకులూ బొగ్గుముక్కలూ ఉన్న ఆ బాటలో, రెండు కాళ్ళకీ చెప్పులున్న మనిషిలాగే ధీమాగా నడుచుకుంటూ వచ్చేశాడు.

నేను వెళ్ళి చెప్పు తెచ్చాను. మడమ వెనకనుంచి పట్టుకునేలా దానికి నల్ల ఎలాస్టిక్ ముక్క కుట్టి ఉంది. ఒక కొస తెగింది. ఆ కుట్టు ఎవరిదో నాకు వేరే చెప్పక్కర్లేదు. వంటింట్లో అమ్మ ముందు పెట్టాను.

"నీకు తెలుసు కదమ్మా."

అమ్మ చెప్పు వైపు చూడకుండా పాలగిన్నె అందుకుంది. "జోడు ఊడిపోతంటే కుట్టినాను. జోడు వదులైపోనాదనుకున్నాను" అంది. మళ్ళీ, "అలాగే అనుకుందారని అనుకున్నాను. నువ్వు కూడా అలాగే అనుకో" అంది. అమ్మ గొంతు అంత చిన్నగా వినడం అదే మొదటిసారి.

నాన్నను అడిగితే ఇంటి కప్పు లేచిపోయింది. "నా కాలు నాకు తెల్దేటి? యార్డులో ఇన్నేళ్ళు సేసినాను, ఇప్పుడు కాలేసీడం నువ్వు నేర్పుతావేటి? మెడికల్‌కి పోతే కుర్సీ ఏసి కూకోబెడతారు. అదేనా నీక్కావాలి?" అని గుమ్మంలోంచి ఇవతలికి వచ్చి మరీ అరిచాడు. అరుస్తూ గుమ్మం పట్టుకున్నాడు. బరువు చాలావరకు కుడికాలి మీద, మిగతాది ఆ చేతి మీద. నేను మాటలు వినడం మానేసి అదే చూస్తున్నాను.

తర్వాతి రోజులు ఎలా గడిచాయో నాకే తెలుసు. ఆయన డ్యూటీకి వెళ్తే నాకు రెండే రెండు బొమ్మలు కనిపించేవి. ఒకదాంట్లో నాన్న వ్యాగన్ల మధ్య వంగి కొక్కెం ఎత్తుతున్నాడు. రెండోదాంట్లో ఎడమకాలి కింద రాయి జారింది, కాలు ఆయనకు చెప్పలేదు. అక్కడితో ఆపేసేదాన్ని, మూడో బొమ్మ వేయనిచ్చేదాన్ని కాదు. రైలు డబ్బాలు ఒకదానికొకటి తగులుకునే చప్పుడు చిన్నప్పటినుంచీ వింటూ పెరిగినదాన్ని, ఇప్పుడు ఆ చప్పుడుకు ఉలిక్కిపడేదాన్ని. అన్నం సయించేది కాదు. ఆఫీసులో ఫోను మోగితే నాకేనేమోనని ముందే లేచి నిలబడేదాన్ని.

కూలీ బొమ్మను సరిచేయమని దాదా తొందరపెట్టాడు. సరిచేశాను. పాదం కింద గడులు కాస్త పైకి జరిపాను, మడమ దగ్గర నీడ పెట్టాను, మోకాలు దించాను, తల నిలబెట్టాను. కింద దుకాణంనుంచి తెప్పించుకున్న టీ చల్లారేలోపు వాడి కుంటితనం పోయింది. తెర మీద వాడు హాయిగా నడుస్తుంటే నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఇంత సులువుగా నడిచేవాడి మీద కోపం. ఆ కోపంలోనే పాత నడకను తుడిచేయకుండా, ఆటలు పరీక్షించే ఫోనులోకి ఎక్కించి, దాదాను అడిగి ఇంటికి తెచ్చాను.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నాన్న మంచం మీద ఒరిగి ఉన్నాడు. మంచి హుషారులో ఉన్నాడు. "నాన్నా, నేను చేసిన బొమ్మ చూస్తావా?" అని ఫోను చేతికిచ్చాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని దగ్గరగా పట్టుకుని చూశాడు. గోరంత మనిషి. ముఖం లేదు, ముఖానికి చోటు లేదు. తెర మీద నడుస్తూ, చివరికి చేరుకుని, మళ్ళీ మొదటినుంచి నడుస్తున్నాడు. తిప్పకుండా, నేను కిటికీలోంచి చూసినట్టే, కుడినుంచి ఎడమకు నడిపించాను.

"బాగున్నాడే. జీతం ఊరికే ఇత్తన్నారనుకున్నాను" అని మురిసిపోయాడు. తర్వాత భృకుటి ముడిపడింది. యార్డులో వాళ్ళకు మనిషిని దూరంనుంచి నడకతోనే పోల్చుకునే అలవాటు ఉంటుంది. "ఏటే, ఈడి ఎడంకాలు సచ్చిపోనాదేటి? నేలని తన్నుకుంటన్నాడు. ఇలాంటోడ్ని మా యార్డులో అడుగెట్టనివ్వరు. బళ్ళ మజ్జికెళ్తే తిరిగి రాడు" అన్నాడు.

 అది ఎవరో చెప్పడానికి భయమేసింది. అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆయన భుజం మీదుగా తొంగిచూసింది. 

"మీరేనండి" అంది.

నాన్న నవ్వబోయాడు. అమ్మ వైపు చూశాడు, నా వైపు చూశాడు, మళ్ళీ ఫోను చూశాడు. ఆ గోరంత మనిషి ఎడమకాలు ఈడ్చుకుంటూ నడుస్తూనే ఉన్నాడు. నాన్న ఫోను నా చేతిలో పెట్టి, మంచం దిగి, గోడ పట్టుకోకుండా గది ఆ చివరిదాకా నడిచాడు. నడుస్తూ తన కాలినే చూసుకున్నాడు, అది తనది కాదన్నట్టు. కాసేపటికి, "రేపు సిక్కు రాయించుకుని ఆస్పత్రికెల్తాను. నువ్వు కూడా రా" అన్నాడు నాతో. నిన్నటిదాకా ఆ నోట రాని మాట అది. కోరుకున్నదే జరిగినా నా భయం తగ్గలేదు, ఇంకో మెట్టు ఎక్కింది. మా నాన్న ఒప్పుకున్నాడంటే ఆయనకూ భయం వేసిందన్నమాట.

రైల్వే ఆస్పత్రిలో డాక్టరు వయసులో చిన్నది, ఓపిక ఉన్న మనిషి. నాన్నను బల్ల మీద కూర్చోబెట్టి కాళ్ళు చాపమంది. కళ్ళు మూసుకోమంది. పిన్నుతో గుచ్చుతాను, తగిలినప్పుడల్లా చెప్పండి అని హిందీలో చెప్పింది. నాన్న చిన్నపిల్లాడిలా కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ముందు కుడిపాదం. పిన్ను ఆనీ ఆనకముందే "హా" అన్నాడు. వేళ్ళ కింద, మడమ మీద, ప్రతిచోటా "హా, హా" అన్నాడు. చూశావా అన్నట్టు నా వైపు ముఖం తిప్పి నవ్వాడు కూడా, కళ్ళు తెరవకుండానే.

డాక్టరు ఎడమపాదం దగ్గరకు వచ్చింది. బొటనవేలి కింద గుచ్చింది. ఆగింది. అరికాలి మధ్యలో గుచ్చింది. మడమ దగ్గర ఇంకాస్త గట్టిగా గుచ్చి, చీలమండ పైకి కూడా వచ్చింది. చిన్న ఎర్రటి చుక్క లేచింది. నాన్న ముఖంలో ఆ నవ్వు అలాగే ఉంది. తన వంతు కోసం కాచుకున్నవాడిలా ఓపిగ్గా కూర్చున్నాడు. డాక్టరు పిన్ను పక్కన పెట్టి నా వైపు చూసింది.

గదిలో ఎవరూ మాట్లాడకపోయేసరికి నాన్నకు తోచలేదు. డాక్టరుకు అర్థం కాకూడదని కాబోలు, గొంతు తగ్గించి తెలుగులో, "ఏటే గుంటా, ఇంకా పొడవలేదేటి?" అని నన్ను అడిగాడు.

 వంగి ఆయన ఎడమపాదాన్ని రెండు చేతులతో పట్టుకున్నాను. అదీ ఆయనకు తెలియలేదు, కళ్ళు మూసుకుని నా జవాబు కోసం చూస్తూనే ఉన్నాడు.